పొడుం పోయింది, డబ్బీ మిగిలింది

బ్రిటన్ రాజు నాలుగో జార్జి పట్టాభిషేకం 1821లో మహా ఆర్భాటంగా జరిగింది. ఆ సందడి ముగిశాక తేలిన ఖర్చుల లెక్కలో ఒక పద్దు చూస్తే ఇవాళ ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. విదేశీ దూతలకు ఇచ్చిన ముక్కుపొడుం డబ్బీలకు 8,205 పౌండ్లు! వాటిని సరఫరా చేసింది లండన్ నగల వర్తకులు రండెల్ అండ్ బ్రిడ్జ్.

చిటికెడు పొగాకు పొడి దాచుకునే డబ్బీల కోసం ఖజానా అంతగా ఖాళీ చేసుకోవాలా అంటే, దానికో మర్మం ఉంది. ఆ కాలపు దూతల్లో చాలామంది అలాంటి కానుకను ఇంట్లో దాచుకునేవారు కాదు. తిన్నగా వర్తకుడి దగ్గరికి తీసుకెళ్లి సొమ్ము చేసుకునేవారు. వర్తకుడు దాన్నే మెరుగుపెట్టి మళ్లీ దర్బారుకు అమ్మేవాడు. దూతకు డబ్బు చేతిలో పెడితే లంచం అవుతుంది, డబ్బీ ఇస్తే మర్యాద అవుతుంది. అలా ఒకే డబ్బీ ఎందరి చేతులో మారేది.

ఇప్పుడు పొడుం పీల్చేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే కనిపిస్తారు. ఆ డబ్బీలు మాత్రం మ్యూజియాల అద్దాల వెనకా, సేకర్తల బీరువాల్లోనూ భద్రంగా ఉన్నాయి. సరుకు పోయి సంచి మిగిలిన ఈ కథ మూడు ఖండాల మీదుగా నడిచింది. అందులో మన మచిలీపట్నానికీ చిన్న వాటా ఉంది.

ముక్కుకెక్కిన పొడి

కొలంబస్ 1493లో రెండోసారి అమెరికా వైపు బయల్దేరినప్పుడు అతని వెంట రమోన్ పనే అనే క్రైస్తవ సన్యాసి ఉన్నాడు. కరేబియన్ దీవుల్లోని తైనో జనం ఒక రకం పొడిని గొట్టంతో ముక్కులోకి పీల్చడం చూసి ఆయన రాసిపెట్టాడు. వాళ్లు దాన్ని కొహోబా అనేవారు. అది పొగాకు కాదు, ఒక చెట్టు గింజల పొడి అని తర్వాతి పరిశోధకులు తేల్చారు. ఏదైతేనేం, ముక్కుతో పొడి పీల్చే పద్ధతి యూరప్ వాళ్ల కంటపడింది.

పొగాకుకు దర్బారు ప్రవేశం కల్పించినవాడు జీన్ నికో. 1560 ప్రాంతంలో లిస్బన్‌లో ఫ్రాన్స్ రాయబారిగా ఉంటూ, రాజమాత కేథరిన్ డి మెడిసికి తలనొప్పి మందుగా పొగాకు పంపాడు. నికోటిన్‌కు ఆ పేరు వచ్చింది ఆయన వల్లే. మందుగా వచ్చింది మోజుగా మారడానికి ఎంతోకాలం పట్టలేదు. చర్చిలో ప్రార్థన జరుగుతుంటే పూజారులే తుమ్ములతో హోరెత్తించే దాకా వెళ్లింది. దాంతో 1642లో పోప్ ఎనిమిదో అర్బన్, సెవిల్ ప్రాంతపు చర్చిల్లో పొగాకు వాడితే వెలివేస్తామని హెచ్చరించాడు. రష్యాలో జార్ మిఖాయిల్ 1634లో ఇంకా ముందుకెళ్లి ముక్కు కోసే శిక్ష పెట్టాడు. ఏదీ పనిచేయలేదు. 1725లో పోప్ పదమూడో బెనడిక్ట్ వాటికన్ ఆంక్షలను ఎత్తేశాడు. ఆయనకే పొడుం అలవాటు!

ఇంగ్లండులో ఈ అలవాటు సామాన్యుల దాకా దిగింది ఒక యుద్ధం పుణ్యమా అని. 1702లో ఆంగ్లో-డచ్ నౌకాదళం స్పెయిన్‌లోని విగో రేవు మీద దాడి చేసినప్పుడు, దోపిడీ సొత్తులో టన్నుల కొద్దీ పొడుం దొరికింది. నావికులు తమ వాటాను ఓడరేవు ఊళ్లలో కారుచౌకగా అమ్మేశారు. పెద్దింటి మోజు బజారుకు దిగింది. శతాబ్దం చివరికి వచ్చేసరికి రాణులూ వెనకబడలేదు. మూడో జార్జి భార్య షార్లెట్ రాణి, విండ్సర్ కోటలో పొడుం నిల్వకే ఒక గది కేటాయించుకుంది.

లండన్ హేమార్కెట్‌లో 1720లో మొదలైన ఫ్రైబర్గ్ అండ్ ట్రేయర్ అప్పట్లో పేరున్న పొడుం దుకాణం. స్పెయిన్, ఫ్రాన్స్ రకాల సరసన వాళ్లు అమ్మిన రకాల్లో ‘మసూలిపటం’ ఒకటి. కలంకారీ అద్దకాలతో యూరప్‌ను ఊరించిన మచిలీపట్నం, లండన్ దొరల ముక్కులకూ ఇలా పరిచయమైంది.

మూతలోనే ఉంది పనితనం

మొదట్లో తయారైన పొడుం దొరికేది కాదు. పొగాకును గట్టిగా చుట్టిన ముద్దనూ, చిన్న తురుముపలకనూ వెంట ఉంచుకుని ఎప్పటికప్పుడు కోరుకునేవారు. దుకాణాలు నూరిన పొడిని అమ్మడం మొదలుపెట్టాకే డబ్బీకి గిరాకీ పెరిగింది. ఆ డబ్బీ పని తేలికేమీ కాదు. గాలి చొరబడితే పొడుం ఎండి ఘాటు పోతుంది. సందు ఉంటే రాలి పట్టుకోటు పాడవుతుంది. అందుకే పనివాడి నేర్పంతా మూత బిగింపులో, మడతబందులో కనిపించాలి. బందు ఎక్కడుందో పైకి తెలియకుండా గోడలోనే కలిపేసిన డబ్బీలు చేశారు. స్కాట్లండులోని లారెన్స్‌కర్క్ పనివారు చెక్క డబ్బీలకు కూడా చెక్కతోనే అలాంటి బందు చెక్కారు. మూత తీసేముందు పైన వేలితో రెండుసార్లు తట్టడం కులాసా కోసం చేసింది కాదు. మూతకు అంటుకున్న పొడి కిందికి రాలాలిగా!

చైనా వాళ్లు మరో దారి పట్టారు. అక్కడి తేమకు డబ్బీ పనికిరాదని బిరడా ఉన్న చిన్న సీసాలు వాడారు. బిరడాకే చిన్న చెంచా అతికి ఉండేది.

18వ శతాబ్దంలో పారిస్ స్వర్ణకారులు బంగారు డబ్బీని నగల స్థాయికి తీసుకెళ్లారు. డ్రెస్డెన్‌లో యోహాన్ క్రిస్టియన్ నాయ్‌బర్ రకరకాల రాళ్ల ముక్కలు పొదిగి, ఒక్కోదానికి అంకె వేసి, ఏ రాయి ఏమిటో చెప్పే చిన్న పుస్తకాన్ని డబ్బీ రహస్య అరలోనే అమర్చాడు. జెనీవా గడియారాల పనివాడు ఆంత్వాన్ ఫావ్ర్ 1796లో ఉక్కు పళ్లతో స్వరాలు పలికించే యంత్రం కనిపెడితే, ఆ సంగీతం మొదట వినిపించిన చోట్లలో పొడుం డబ్బీ ఒకటి. ప్రష్యా రాజు ఫ్రెడరిక్‌కు వీటి పిచ్చి ఎంతంటే వందల డబ్బీలు పోగేశాడు. 1759లో కూనర్స్‌డార్ఫ్ యుద్ధంలో తగలాల్సిన గుండు జేబులోని డబ్బీకి తగిలి బతికిపోయాడని చెబుతారు. లండన్‌లో లార్డ్ పీటర్షామ్‌కు రోజుకొక డబ్బీ చొప్పున ఏడాదికి సరిపడా ఉండేవని ప్రతీతి. ఎవరో ఒక నీలిరంగు డబ్బీని మెచ్చుకుంటే, అది ఎండాకాలానికి బాగుంటుంది గానీ చలికాలానికి నప్పదన్నాడట!

అమెరికాలో మాత్రం రాజులు దూతలకు కానుకలిచ్చే ఈ మర్యాద చిక్కు తెచ్చిపెట్టింది. 1785లో ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ, అమెరికా దూత బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు 408 వజ్రాలు చుట్టూ పొదిగిన తన బుల్లి చిత్తరువును కానుకగా ఇచ్చాడు. ఆ తర్వాత వచ్చిన రాజ్యాంగం, చట్టసభ అనుమతి లేకుండా అధికారులెవరూ విదేశీ రాజుల కానుకలు పుచ్చుకోరాదంది. ఆ నిబంధన మీద చర్చలో ఈ కానుక ప్రస్తావన వచ్చింది.

బర్మింగ్‌హామ్ చేసిన మేలు

బంగారం రాజులది. మధ్యతరగతి చేతికి డబ్బీని అందించినవి వెండి, బర్మింగ్‌హామ్. గుండీలు, బకిల్స్, డబ్బీలు వంటి చిల్లర లోహపు సరుకుకు ఆ ఊరు పెట్టింది పేరు. కానీ వెండి నాణ్యతకు ముద్ర వేయించాలంటే చెస్టర్ దాకానో లండన్ దాకానో పంపాలి. దారిలో సొట్టలు పడేవి, పోయేవి. కార్ఖానా యజమాని మాథ్యూ బోల్టన్ పార్లమెంటులో పట్టుబట్టి 1773లో తన ఊరికే పరీక్షా కార్యాలయం సాధించాడు. సముద్రం ఛాయలే లేని ఊరికి లంగరు గుర్తు దక్కింది. బోల్టన్ పక్షంవాళ్లు లండన్‌లో బసచేసిన ‘క్రౌన్ అండ్ యాంకర్’ సత్రం పేరులోంచి లంగరు బర్మింగ్‌హామ్‌కూ, కిరీటం అప్పుడే పరీక్షా కార్యాలయం దక్కిన షెఫీల్డ్‌కూ వెళ్లాయని చెప్పుకుంటారు.

అక్కడి పనివారిలో సేకర్తలు ఎక్కువగా తలిచే పేరు నథానియల్ మిల్స్. ఆయన చేసిన వినెగ్రెట్ ఒకటి చేతిలోకి తీసుకుని చూద్దాం. ఇది పొడుం డబ్బీకి చెల్లెలు. వీధుల కంపు భరించలేని ఆడవాళ్లు వాసన చూసేందుకు వెంట ఉంచుకునేది. పొడవు అంగుళంన్నర. మూత మీద విండ్సర్ కోటో, సర్ వాల్టర్ స్కాట్ ఇల్లు ఆబట్స్‌ఫర్డో ఉబ్బెత్తుగా లేచి ఉంటుంది. మూత తీస్తే లోపల సన్నని బందు మీద తిరిగే మరో జల్లెడ మూత, దానికి తీగల పువ్వుల నగిషీ. జల్లెడ కింద సుగంధపు వెనిగర్‌లో తడిపిన స్పంజి ముక్క. వెనిగర్ వెండిని తినేస్తుంది కాబట్టి లోపలంతా బంగారు పూత. పొడుం డబ్బీకి లోపల పూత వేసింది కూడా ఇలాంటి కారణంతోనే.

ఇక ముద్రలు. నడిచే సింహం ఉంటే వెయ్యిలో 925 పాళ్లు వెండి. లంగరు ఉంటే బర్మింగ్‌హామ్. ఒక అక్షరం పరీక్ష జరిగిన సంవత్సరాన్ని చెబుతుంది. రాజు లేదా రాణి తల, పన్ను కట్టినట్టు రసీదు. 1784 నుంచి 1890 దాకా ఇది వేశారు. పక్కన ఎన్.ఎం. అన్న పొడి అక్షరాలు మిల్స్‌వి. గోరంత చోటులో ఊరు, ఏడు, నాణ్యత, పన్ను, పనివాడు అన్నీ దొరుకుతాయి.

కోటల బొమ్మలు 1830ల నుంచి ఎందుకు పెరిగాయో కూడా సులువుగానే తెలుస్తుంది. లండన్-బర్మింగ్‌హామ్ రైలు 1838లో పూర్తిగా నడవడం మొదలైంది. జనం ఊళ్లు తిరగసాగారు. చూసొచ్చిన చోటుకు గుర్తుగా ఏదో ఒకటి కొనుక్కునే అలవాటు బలపడింది. అంతకుముందు 1805లో ట్రఫాల్గర్ విజయం తర్వాత మాథ్యూ లిన్‌వుడ్ చేసిన వినెగ్రెట్ల మూత మీద ఆ విజయం సాధించిన నౌకాధిపతి నెల్సన్ ముఖం, లోపలి జల్లెడలో ఆయన ఓడ ‘విక్టరీ’ కనిపిస్తాయి. వార్తాపత్రికలో వచ్చిన సంగతి అప్పుడు వెండిలోకీ ఎక్కేది.

అలవాటు తప్పాక

నెపోలియన్ కాలపు స్పెయిన్ యుద్ధాల నుంచి తిరిగొచ్చిన సైనికులు చుట్టలు తెచ్చారు. 1853-56 క్రిమియా యుద్ధం తర్వాత సిగరెట్ జోరందుకుంది. పొడుం పాతబడింది. వెండి పనివారు అగ్గిపుల్లల డబ్బీలు, విజిటింగ్ కార్డుల పెట్టెల వైపు మళ్లారు. సభలో పొగతాగడాన్ని 1693లోనే నిషేధించిన బ్రిటిష్ కామన్స్ సభలో మాత్రం, సభ్యుల కోసం ద్వారపాలకుడి దగ్గర పొడుం ఉంచే ఆచారం కొనసాగింది. 1941 బాంబుదాడిలో ధ్వంసమైన సభామందిరపు చెక్కతోనే ఆ పొడుం ఉంచే కొత్త డబ్బీ చేశారు.

వాడుక పోయిన వస్తువు మీద సేకర్తల కన్ను పడింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో రోజలిండ్, ఆర్థర్ గిల్బర్ట్ దంపతుల సేకరణలో ఫ్రెడరిక్ వాడిన డబ్బీలూ ఉన్నాయి. బంగారు డబ్బీలు అందరికీ అందవు కాబట్టి మామూలు సేకర్త చిన్న వెండితో మొదలుపెడతాడు. జాజికాయ కోరుకునే డబ్బీ, టీ ఆకు తీసే గరిటె, అగ్గిడబ్బీ ఇలా.

గిరాకీ ఉన్నచోట మోసం ఉంటుంది. పాత చెంచా మీది ముద్రను కోసి కొత్త డబ్బీకి అతికేవాళ్లున్నారు. కాబట్టి డబ్బీ అడుగు ముద్రకూ, లోపలి జల్లెడ మీది ముద్రకూ పొంతన ఉందో లేదో చూడాలి. వెండి మీద నోటితో గట్టిగా ఆవిరి ఊదితే అతుకులు, టంకం గీతలు బయటపడతాయి. పాత యజమాని పేరు చెరిపేసిన చోట రేకు పలచబడి బొటనవేలికి లొంగుతుంది. అతిగా తోమితే నగిషీ అరిగి విలువ సగానికి పడిపోతుంది. తాబేటి చిప్ప, ఏనుగు దంతం కలిసిన డబ్బీలైతే వన్యప్రాణి చట్టాలు గుర్తుంచుకోవాలి.

మన బీరువా సంగతి

మన ఇళ్లలోనూ చిన్న వెండి తక్కువేమీ కాదు. కుంకుమ భరిణె, సున్నపుకాయ, గంధపు గిన్నె, పన్నీరు బుడ్డి, తాతగారి పొడుంకాయ. కరీంనగర్ వెండితీగ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. జుట్టంత సన్నటి తీగల్ని మెలిపెట్టి అక్కడివారు చేసే భరిణెలు, అత్తరు పెట్టెలు ఏ బర్మింగ్‌హామ్ పనికీ తీసిపోవు. తేడా అల్లా ఒక్కటే. వాళ్ల డబ్బీ మీద పుట్టిన ఏడాది, చేసినవాడి గుర్తు ఉన్నాయి. మన పాత భరిణెల మీద సాధారణంగా ఆ రెండూ ఉండవు. పెళ్లి రాగానే పాత వెండి కొట్లో వేస్తాం. వర్తకుడు తూచి, తరుగు తీసి, కరిగించి కొత్త గ్లాసు చేతిలో పెడతాడు. అమ్మమ్మ పేరు చెక్కిన భరిణెకూ తుక్కు ముక్కకూ తక్కెడ తేడా చూపదు.

చట్టం తెలుసుకోవడమూ అవసరమే. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. వాటి వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి.

ముద్ర లేని వెండికి మనం రాసే రెండు వాక్యాలే ముద్ర. పాత వెండిని కొట్టుకు పంపేముందు ఒక్కో వస్తువుకూ ఫొటో తీయండి. ఎన్ని తులాలుందో, ఎవరిదో, ఏ ఊళ్లో ఎవరు చేశారో పెద్దవాళ్లను అడిగి కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని వస్తువుతో పాటే ఉంచండి. ఆ తర్వాత కూడా కరిగించాలనిపిస్తే అది మీ ఇష్టం.