తాండవ తీరపు చెఱకు, వాల్తేరు చదువు

తునికిని పాయకరావుపేటకును నడుమ ప్రవహించు తాండవ నది పూర్వము గోదావరి, విశాఖపట్టణ మండలములకు ఎల్లగా నుండెను. నేడు కాకినాడ, అనకాపల్లి జిల్లాలను వేఱుచేయుచున్నది. ఎల్లలు మాఱినను ఏటికి ఇరుగట్టుల నున్న వారి వ్యవహారము మాత్రము ఒక్కటియే. తమలపాకు తోటలు, మామిడి తోపులు, వాటికి ఎగువను దిగువను చెఱకు మళ్ళు, వేసవిలో బళ్ళకెత్తు బెల్లపు దిమ్మలు: ఈ సరకులను మోయుటకై 1893లో బెజవాడ వాల్తేరుల మధ్య రైలు నడచిన నాటినుండి తుని స్టేషను ఆ ప్రాంతమునకు ద్వారమైనది. ఆ దారినే చదువు కూడ వచ్చునని అప్పుడెవ్వరును అనుకొని యుండరు. ఉత్తరమున నూఱు కిలోమీటర్ల లోపున వాల్తేరు, దక్షిణమున అంతకంటె దగ్గఱలో కాకినాడ. తెలుగుదేశమున సాంకేతికవిద్య వేళ్ళూనిన ఈ రెండు చోట్ల నడుమ తుని పడియున్నది. ఆ చదువు మొదట ఆశ్రయించిన పంట చెఱకే యగుట యాదృచ్ఛికము కాదు.

విద్యతో పాటు చేతిపనియు నేర్పి, దానితో స్వతంత్రముగా జీవింపగల వారిని తయారు చేయవలెనను సంకల్పము వాల్తేరు విశ్వవిద్యాలయమునకు ముందే పుట్టినది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ప్రభృతులు 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పి సాహిత్య చిత్రకళల సరసన వడ్రంగమును నేతను కూర్చుండబెట్టిరి. ప్రభుత్వపు పట్టాను కోరని ఆ సాహసమును నేను ఎంత మెచ్చుకొన్నను, యంత్రములకు, ప్రయోగశాలలకు కావలసిన ధనము చందాలతో సమకూడునది కాదని ఒప్పుకొనక తప్పదు. అది రాజాశ్రయము గల సంస్థకే సాధ్యము. 1926లో బెజవాడ కేంద్రముగా ఏర్పడి, 1930 నాటికి వాల్తేరు కొండలపై స్థిరపడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు అట్టి ఆశ్రయము జయపురాధీశులైన విక్రమదేవవర్మగారి వలన లభించినది. ఆయన ఏటేట లక్ష రూపాయల చొప్పున ఇచ్చిన విరాళముతో వెలసిన విజ్ఞాన సాంకేతిక కళాశాలకు ఆయన పేరే పెట్టిరి. కట్టమంచి రామలింగారెడ్డిగారు పునాది వేయగా, సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1931 నుండి 1936 వఱకు ఉపాధ్యక్షులై దానిపై కట్టడము లేపిరి. వేదాంతిగా ప్రసిద్ధుడైన మహాశయుని కాలముననే ప్రయోగశాలలు పెరుగుట కొందఱికి వింతగా తోచవచ్చును. విద్యాలయము నడుపుట వేదాంతము కాదని ఆయనకు బాగుగా తెలియును.

ఆ కళాశాలలో సాంకేతికశాఖకు తొలి పాఠ్యాంశముగా చక్కెర పరిశ్రమను ఎన్నుకొనుటకు కారణము వాల్తేరున గాక ఢిల్లీలో నున్నది. అంతవఱకు ఈ దేశపు వంటింటి డబ్బాలను నింపినది చాల వఱకు జావా చక్కెర. 1932లో కేంద్రప్రభుత్వము చక్కెర పరిశ్రమ రక్షణ చట్టము తెచ్చి, దిగుమతి సరకుపై భారమైన సుంకము విధించుటతో, ముప్పది దాపున నుండిన దేశీయ కర్మాగారములు నాలుగైదేండ్లలో నూఱు దాటిపోయినవి. మిల్లులు లేచినవి గాని, వాటిలో రసమును పరీక్షించుటకు, పాకమును నిర్వహించుటకు శాస్త్రము తెలిసినవారు అరుదు. 1933లో వాల్తేరున చక్కెర సాంకేతికశాస్త్రపు ఆనర్సు తరగతి తెఱచుటకు ఇదియే ప్రేరణ. అదే సంవత్సరమున, తునికి ఈశాన్యముగా వరాహానది యొడ్డున, లక్కబొమ్మలకు పేరుగన్న ఏటికొప్పాకలో రైతులు కూడి సహకార పద్ధతిని చక్కెర కర్మాగారమునకై సంఘము కట్టుకొనిరి. దేశమున ఇట్టి ప్రయత్నములలో ఇది మిక్కిలి తొల్లిటి వానిలో నొకటి. ఒకే చట్టమునకు ఒక వంక ఆచార్యులును మఱియొక వంక కాపులును, ఒకరితో నొకరు సంప్రదింపకయే, ఇట్లు సమాధానము చెప్పిరి.

కాపుల బెల్లపు విద్యకును వాల్తేరు చక్కెర విద్యకును నడుమ నున్న అంతరమును తెలిసికొనుటకు తుని చుట్టుపట్ల గానుగ నాడు చోటికి పోయిన చాలును. రసమును వెడల్పైన పెనములోనికి వంపి, ఎండిన చెఱకు పిప్పినే పొయ్యిలో త్రోసి మంట పెట్టుదురు. సున్నపు తేట పడగానే మాలిన్యము తెట్టుగా పైకి లేచును. దానిని గంటెతో తీసి పాఱవేయుచు, రసము చిక్కపడి తీగ సాగువఱకు కాచి, పాకము దింపవలసిన క్షణమును వంటవాడు వాసనను బట్టి, బుడగ తీరును బట్టి గుర్తించును. క్షణము జాఱిన బెల్లము మాడి నల్లబడును. తొందరపడిన దిమ్మ కట్టక జాలువాఱును. వాల్తేరు విద్యార్థి నేర్చుకొనిన పద్ధతి వేఱు. మూసిన పాత్రలోని గాలిని లాగివేసి ఒత్తిడి తగ్గించినచో రసము తక్కువ వేడికే మరుగును గనుక చక్కెర మాడదు, విఱుగదు. గింజ కట్టిన తరువాత వేగముగా తిరుగు యంత్రములో వేసి మడ్డిని విడదీయుదురు. వంటవాని ముక్కునకు బదులు ఉష్ణమాపకము, వాని అనుభవమునకు బదులు పట్టిక. విద్య గొప్పదే, సందేహము లేదు. అయితే ఆ మూసిన పాత్ర వెల ఏ యొక్క రైతునకును అందునది కాదు. పెనపు బెల్లమును మెఱుగుపఱచు ఉపాయమునకు ఆ తరగతిలో పెద్దపీట వేసిన జాడ లేదు.

ఇక్కడనే నా అభిప్రాయము స్పష్టముగా చెప్పవలసి యున్నది. విశ్వవిద్యాలయము రసాయనవేత్తను తయారుచేసినది గాని కర్మాగారమును నెలకొల్పువానిని తయారు చేయలేదు. చదివినవాడు జీతమునకు పోయెను. పెట్టుబడి కూర్చి నష్టమునకు తలయొగ్గినవాడు చదువని కాపు. యుద్ధకాలమున వాల్తేరు భవనములు సైన్యము వశమై విద్యాలయము గుంటూరునకు తరలిపోవలసి వచ్చినను, ఆ వెనుక 1946లో విశాఖపట్టణపు పేరుతో ఇంజనీరింగు కళాశాల పుట్టి కాకినాడకు చేరినను, 1955లో వాల్తేరుననే మఱియొక ఇంజనీరింగు కళాశాల వెలసినను, ఈ విభజన అట్లే నిలిచినది. 1957లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దేశములో దాదాపు అందఱికంటె ముందుగా పూర్తికాలపు ఎం.బి.ఏ. తరగతిని ప్రారంభించినపుడు వ్యాపారదక్షత కూడ పాఠ్యవిషయ మయ్యెను. అయినను ఆ పట్టభద్రుల చూపు పెద్ద సంస్థల వైపే గాని తుని బజారు వైపు మరలలేదు. బెల్లపు కష్టసుఖములను తరతరములుగా విన్నది 1913 నాటి అనకాపల్లి చెఱకు పరిశోధన క్షేత్రము. కొత్త విత్తనపు రకమో, తెగులు మందో అక్కడినుండి రైతునకు చేరెను గాని పట్టభద్రుల నుండి కాదు.

కాకినాడ కళాశాల 1972లో జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయములో చేరి, 2008లో తానే విశ్వవిద్యాలయమైనది. రాజమహేంద్రవరమున 2006లో ఆదికవి నన్నయ పేర మఱియొకటి వెలసినది. ఇప్పుడు వీటి ప్రాంగణములలో స్టార్టప్, ఇంక్యుబేషన్ అను మాటలు మ్రోగుచున్నవి. వాల్తేరున ఆ-హబ్ పనిచేయుచున్నది, 2025లో ప్రభుత్వము ప్రారంభించిన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ శాఖ యొకటి రాజమహేంద్రవరమునకును వచ్చినది. చదివినవానినే పెట్టుబడి పెట్టించి కర్తను చేయవలెనను పూనిక ఇది. 1933లో విడిపోయిన ఇద్దఱిని ఒక్కనిలో కలుపు యత్నము. ఇంతలో పాయకరావుపేట వద్ద తాండవ సహకార చక్కెర కర్మాగారమును, ఏటికొప్పాక మిల్లును క్రషింగు నిలిపివేసినవి. వాటి కింద చెఱకు వేసిన కాపు పంటను దూరపు మిల్లులకు తోలుటకు కిరాయి భరింపలేక, మడిలో వేఱు పైరు పెట్టుటయో, మఱల గానుగ దారి పట్టుటయో చేయుచున్నాడు. పట్టణపు హబ్బులలో కంప్యూటరు ముందు కూర్చున్న కుఱ్ఱవారు తొమ్మిది దశాబ్దముల క్రిందట తమ పెద్దలు విడిచిపెట్టిన ఆ పెనమును ఎప్పుడైన చూచిరా యని అడుగుటకు అవకాశము ఇంకను ఉన్నది. బెల్లపు రంగు కొఱకు హైడ్రోస్ అను రసాయనమును కలుపుచున్న గానుగవానికి మాత్రము వారి ఉపాయము నేడే కావలెను.