ఐదు నిమిషాల పేషెంటు

సాయంత్రం ఆరున్నర. మగవాళ్ల వార్డులో తొమ్మిదో నంబరు మంచం. రేపు డిశ్చార్జి కావలసిన తాత చేతిలో ఇన్సులిన్ పెన్ను పెట్టారు మీరు. ఆయన దాన్ని పట్టుకోలేదు. దుప్పటి మీదికి జారవిడిచాడు.

"నాకొద్దు బిడ్డా. గోలీలియ్యి, ఎన్నైనా మింగుత."

మందుల ట్రాలీ ఇంకా ఆరు మంచాలు తిరగాలి. అవతల ఎవరిదో సెలైన్ అయిపోవచ్చింది. అయినా స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. "సూదికా భయం తాతా, రోజూ పొడుచుకోవాలనా?"

"సూదికి భయమేంది? పొలంల తేళ్లు కుడితేనే భయపడలే." కాసేపు కిటికీ వైపు చూశాడు. మీరు ఏమీ అనలేదు. అప్పుడు చెప్పాడు: "మా తమ్మునికి గిదే మొదలువెట్టిన్రు. ఏడాది తిరక్కముందే కాలు తీసేసిన్రు."

అదన్నమాట సంగతి. కాలు పోయింది సూది వల్ల కాదని చెప్పారు. చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువుంటే పాదాలకు స్పర్శ తగ్గుతుందని, దెబ్బ తగిలినా తెలీదని, నెత్తురు సరిగ్గా పారక పుండు మానదని, ఈ సూది కాళ్లను కాపాడుకోవడానికేనని చెప్పారు. చివర్న, పక్కనున్న కోడల్ని చూపించి, "నేనేం చెప్పానో మీ కోడలికి నువ్వు చెప్పు తాతా" అన్నారు. ఆయన చెప్పాడు. ఒకచోట తప్పు చెబితే మీరు సర్దారు. పెన్ను ఈసారి ఆయన చేతిలోనే ఉంది.

ఇదంతా ఐదు నిమిషాలు పట్టి ఉండదు. మీరు లేచి ట్రాలీ తోసుకుంటూ వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున ఏడున్నరకు అమీర్‌పేటలో ఉన్నారు. మైత్రీవనం దగ్గర సందులో జావా, పైథాన్, క్లౌడ్ బోర్డుల మధ్య మూడో అంతస్తు గది. లోపల ఉన్నవాళ్లంతా నర్సులే. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి. అందరి గురీ విదేశాల్లో ఉద్యోగం, దానికి దాటాల్సింది ఓఈటీ, అంటే ఆక్యుపేషనల్ ఇంగ్లిష్ టెస్ట్. ఆస్ట్రేలియాలో 1980ల చివర్లో టిమ్ మెక్‌నమారా అనే భాషాశాస్త్రవేత్త రూపొందించిన పరీక్ష ఇది. ఇప్పుడు డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులతో మొదలుపెట్టి పశువైద్యుల దాకా 12 వృత్తులవాళ్లు రాస్తున్నారు. ఐఈఎల్‌టీఎస్‌ లాంటి మామూలు ఇంగ్లిష్ పరీక్షలో ఊరి గురించి, సెలవుల గురించి, వాతావరణ మార్పు గురించి మాట్లాడించవచ్చు. ఇక్కడ ఆస్పత్రి తప్ప వేరే లోకం లేదు. అందుకే ఇది సులువనుకుని చేరారు మీరు.

పాఠం చెప్పే మేడమ్ మీ చేతిలో కార్డు పెట్టారు. చూసుకోవడానికి 3 నిమిషాలు, మాట్లాడటానికి 5 నిమిషాలు. పేషెంటుకు టైప్ 2 మధుమేహం, మాత్రలతో అదుపులోకి రాలేదు, ఇన్సులిన్ వద్దంటున్నాడు. కింద చుక్కలు పెట్టి మీరు చేయాల్సిన పనులు: అతని ఆందోళన ఏమిటో తెలుసుకోండి, ఎందుకు అవసరమో వివరించండి, ఎలా వేసుకోవాలో చెప్పండి. చదవగానే నవ్వొచ్చింది. ఈ పేషెంటు మీకు నిన్నే తెలుసు.

గంట మోగింది. ఎదురుగా కుర్చీలో పేషెంటుగా కూర్చున్న అమ్మాయి "ఐ రియల్లీ డోంట్ వాంట్ ఇంజెక్షన్స్" అంది. మీరు అందుకున్నారు. హైపర్‌గ్లైసీమియా అన్నారు, నెఫ్రోపతీ అన్నారు, రెటినోపతీ అన్నారు, సబ్‌క్యుటేనియస్ అన్నారు. నర్సింగ్ పుస్తకంలో ఏ పేజీలో ఉందో కూడా కళ్లముందు కనిపిస్తోంది. ఆ అమ్మాయి నడుమ నోరు తెరవబోతే "డోంట్ వర్రీ, నథింగ్ విల్ హ్యాపెన్" అని మళ్లీ సాగించారు. సమయం అయిపోయింది. వ్యాకరణం తప్పు పోలేదు, ఎక్కడా ఆగలేదు కూడా. బాగానే చేశానని మేడమ్ వైపు చూశారు.

"ఆవిడకి ఇంజెక్షనంటే ఎందుకు ఇష్టం లేదమ్మా?" అని అడిగారు మేడమ్.

మీ దగ్గర జవాబు లేదు. మీరు అడగనేలేదు.

"నిన్న వార్డులో ఎవరికైనా ఇన్సులిన్ గురించి చెప్పారా? ఎలా చెప్పారో తెలుగులోనే చెప్పండి." తాత గురించి, తమ్ముడి కాలు గురించి చెప్పారు. గదిలో ఎవరూ కదల్లేదు. మేడమ్ బోర్డు వైపు తిరిగి స్పీకింగ్‌లో మార్కులు వేసే పద్ధతి రాశారు. ఉచ్చారణ, ధార, సందర్భానికి తగ్గ మాట, వ్యాకరణం ఒకవైపు. 2018 నుంచి రెండోవైపు ఇంకో ఐదు చేరాయి: పేషెంటుతో చనువు కుదుర్చుకోవడం, అతని వైపు నుంచి విషయాన్ని చూడటం, సంభాషణను ఒక వరసలో నడపడం, వివరాలు రాబట్టడం, వివరాలు అందించడం. "ఈ ఐదూ మీరు నిన్న చేశారు," అన్నారు మేడమ్, "ఇవాళ ఒక్కటీ చేయలేదు."

మెట్లు దిగుతుంటే ఆ మాటే చెవుల్లో తిరుగుతోంది. ఎందుకిలా అయింది? కేస్ షీటులో డిస్నియా అని రాసిన చేత్తోనే పేషెంటు భుజం తట్టి "ఆయాసం తగ్గిందా పెదనాన్నా?" అంటారు మీరు. రాత ఒకటి, పలకరింపు ఒకటి. ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి రోజుకు వందసార్లు దాటుతారు, దాటుతున్నామని తెలియకుండానే. ఇంగ్లిష్‌లో మీకున్నది రాత ఒక్కటే. తరగతి గదిలో, పాఠ్యపుస్తకంలో, కేస్ షీటులో కనిపించిన ఇంగ్లిష్ అది. ఆ భాషలో మీకెవరూ ఇంతవరకు నొప్పి చెప్పుకోలేదు. మీరు జ్వరం వచ్చి మూలిగింది కూడా ఆ భాషలో కాదు.

రాత్రి ఎస్సార్ నగర్ హాస్టల్ మేడ మీద ఆరేసిన యూనిఫారాల మధ్య చేచీ మీకోసం చూస్తోంది. కేరళలోని కొట్టాయం నుంచి వచ్చిన తోటి నర్సు. చేచీ అంటే మలయాళంలో అక్క. ఆవిడ తెలుగు "నొప్పి ఉందా, మందు వేసుకోండి" దగ్గర ఆగిపోతుంది. మీకు మలయాళం రాదు. మీ ఇద్దరికీ ఉన్న ఒకే దారి ఇంగ్లిష్. అందుకే ఇంతకంటే మంచి జోడీ దొరకదు.

ఇవాళ చేచీ పేషెంటు. కడుపు పట్టుకుని పిట్టగోడకు ఆనుకుంది. "ఐ కాంట్ కీప్ ఎనీథింగ్ డౌన్." ఏం తిన్నా వాంతవుతోందని. నొప్పి ఎలా ఉందని అడిగారు. "ఇట్ కమ్స్ అండ్ గోస్." ఉండి ఉండి వస్తోందట. నోట్‌బుక్కులో ఎడమవైపు వార్డులో వినే తెలుగు, కుడివైపు చేచీ నోట విన్న ఇంగ్లిష్. కళ్లు తిరగడం, గుండె దడదడలాడటం, కాళ్లు లాగడం, ఒంట్లో నలతగా ఉండటం. వీటిలో ఒక్కదానికీ లాటిన్ అక్కర్లేదు. రెండు పేజీలు నిండాయి.

అంతకంటే కష్టమైంది ఊరుకోవడం. ప్రశ్న అడిగాక జవాబు వచ్చేదాకా నోరు మెదపకూడదు. చేచీ కావాలనే ఆలస్యం చేస్తుంది. నాలుక కొనదాకా "డోంట్ వర్రీ" వస్తుంది. మన వార్డుల్లో "ఏం కాదులే, నేనున్నాగా" అంటే కొండంత ధైర్యం. కార్డులోని పేషెంటుకు ఆ మాట ముందే చెబితే తలుపు మూసినట్టే. దాన్ని మింగి "వాట్ వర్రీస్ యూ మోస్ట్?" అన్నారు. మళ్లీ ఊరుకున్నారు. తాత కిటికీ వైపు చూసినప్పుడు ఊరుకున్నట్టే.

పరీక్షలో మిగతా మూడు భాగాలకు వేరే సాధన. లిసనింగ్‌లో ఏదైనా ఒక్కసారే వినిపిస్తారు. ఆస్ట్రేలియా యాసలో ఫిఫ్టీన్ అన్నారో ఫిఫ్టీ అన్నారో తేల్చుకునేలోపు తర్వాతి ఖాళీ వచ్చేస్తుంది. మందు మోతాదులో ఆ రెంటికీ ఎంత తేడానో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. రీడింగ్ మొదటి భాగంలో 15 నిమిషాల్లో నాలుగు కాగితాలు వెతికి 20 జవాబులు పట్టుకోవాలి. రైటింగ్‌లో పేషెంటు వివరాలు చదవడానికి 5 నిమిషాలు, ఉత్తరం రాయడానికి 40. ఆ వివరాల్లో చిన్నప్పుడు టాన్సిల్స్ తీసిన సంగతి కూడా ఉంటుంది. ఇంటికొచ్చి కట్టు మార్చే నర్సుకు అది అవసరమా? అక్కర్లేదు, కొట్టేయండి. 180 నుంచి 200 మాటల్లో ఆమెకు కావలసిందే రాయాలి. మీ చేయి మాత్రం కేస్ షీటు అలవాటుకొద్దీ "పేషెంట్ అడ్మిటెడ్ విత్ చెస్ట్ పెయిన్" అని రాస్తుంది. "ద" లేదు, "వజ్" లేదు. ప్రతి ఉత్తరంలో వాటిని వెతికి ఎర్ర పెన్నుతో చేర్చుకుంటారు.

బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ అడిగేది 500కు లిసనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో 350 చొప్పున, రైటింగ్‌లో 300. ఫీజుకు మీ నెల జీతం చాల్లేదు.

పరీక్ష రోజు వచ్చింది. పాస్‌పోర్టు తప్ప బ్యాగు, ఫోను, వాచీ అన్నీ లాకర్లోకి పోయాయి. రెండున్నర గంటలసేపు హెడ్‌ఫోన్, తెర, కీబోర్డు. తర్వాత స్పీకింగ్. తెర మీద ఒకావిడ నవ్వుతూ పలకరించింది. ముందు జరిగే ఆ నాలుగు మాటలకు మార్కులు లేవు. అసలు ఆవిడ మార్కులే వేయదు. ఇదంతా రికార్డవుతుంది, మీరెన్నడూ చూడని మనుషులు విని వేస్తారు.

మొదటి కార్డు గడిచిపోయింది. రెండోది తెర మీదికి వచ్చింది. అందులో ఏముందో బయట చెప్పకూడదు గనక ఇక్కడా వద్దు. ఆవిడ ముఖంలోంచి నవ్వు పోయింది, పేషెంటు వచ్చి కూర్చుంది. మీరు చెప్పినదానికి అడ్డంగా తలూపింది. పుస్తకంలో పేజీ కళ్లముందు తెరుచుకుంది. మూసేశారు. ఏముంది మీ మనసులో అని అడిగారు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరుకున్నారు.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. మీరు విన్నారు, ఒక మాట పట్టుకుని మళ్లీ అడిగారు, ఆవిడ ఇంకొంచెం చెప్పింది. అప్పుడు మీ వంతు. చిన్న చిన్న మాటల్లో వివరించారు, అర్థమైందో లేదో ఆవిడ చేతే చెప్పించారు. ఆఖరి చుక్క దగ్గరికి వచ్చేసరికి సమయం అయిపోయిందన్నారు. ఒక పని మిగిలినంత మాత్రాన మార్కులు కోసేయరని మేడమ్ ముందే చెప్పారు.

లాకర్ తెరిచి ఫోను ఆన్ చేయగానే చేచీ. రాత్రి ఎనిమిదికి ఇద్దరికీ డ్యూటీ ఉంది.

"కార్డు సంగతి చెప్పొద్దులే. ఎలా మాట్లాడావో అది చెప్పు," అంది ఇంగ్లిష్‌లో.

"నాకంటే ఆవిడే ఎక్కువ మాట్లాడింది," అన్నారు మీరు.