మౌనం గీసిన సరిహద్దు: ప్రేహ్ విహియర్ ఆలయ వివాదం – ఒక పరిశీలన

దేశాల సరిహద్దులను ఒడంబడికలే నిర్ణయిస్తాయన్నది సాధారణాభిప్రాయం. ఒడంబడిక అనంతరం ఆయా ప్రభుత్వాలు ప్రవర్తించిన తీరు కూడా అంతే నిర్ణాయకమని థాయ్‌లాండ్, కంబోడియాల మధ్య సాగిన ప్రేహ్ విహియర్ ఆలయ వివాదం నిరూపిస్తుంది.

దాంగ్రెక్ పర్వతశ్రేణి అంచున ఉన్న ఈ శివాలయం ఖ్మేర్ రాజుల నిర్మాణం. దక్షిణాన కంబోడియా మైదానం వైపు నిటారైన కొండచరియ ఉండగా, ఉత్తరాన థాయ్‌లాండ్ వైపు నుండి ఆలయాన్ని చేరడం సులభం. 1904లో సయాం (నేటి థాయ్‌లాండ్), కంబోడియాను తన రక్షణాధికారం కింద ఉంచుకున్న ఫ్రాన్సు కుదుర్చుకున్న ఒడంబడిక ఇక్కడ జలవిభాజక రేఖను సరిహద్దుగా పేర్కొంది. అయితే సయాం కోరికపై ఫ్రెంచి అధికారులు రూపొందించి 1908లో అందజేసిన పటం ఆలయాన్ని కంబోడియాలో చూపింది. సయాం అభ్యంతరం చెప్పలేదు. పైగా రాకుమారుడు దామ్రాంగ్ మరో 15 ప్రతులు కోరాడు. 1930లో ఆయన ఆలయాన్ని సందర్శించినప్పుడు ఫ్రెంచి అధికారి తమ జెండా ఎగురవేసి స్వాగతం పలికాడు. అప్పుడూ నిరసన వ్యక్తం కాలేదు. పటంలోని గీతకూ జలవిభాజక రేఖకూ తేడా ఉందని 1934–35లో సయాం జరిపిన సర్వేలోనే తేలింది. అయినా ఆలయాన్ని కంబోడియాలో చూపే పటాల వాడకం ఆగలేదు.

కంబోడియా స్వతంత్రమయ్యాక, 1954లో థాయ్ దళాలు ఆలయాన్ని ఆక్రమించాయి. 1959లో కంబోడియా అంతర్జాతీయ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 1962 జూన్ 15న న్యాయస్థానం 9–3 ఆధిక్యతతో ఆలయం కంబోడియాదేనని తీర్పునిచ్చింది. అసలు జలవిభాజక రేఖ ఎక్కడుందో తేల్చనవసరం లేదని, పటాన్ని సయాం తన ప్రవర్తన ద్వారా అంగీకరించిందని భావించింది. మౌనం అర్ధాంగీకారమని మన సామెత. ఇక్కడ అది పూర్ణాంగీకారంగా పరిగణన పొందింది.

ఆ మౌనం ఎంతవరకు స్వచ్ఛందమన్నది చరిత్రకారుడు వేయవలసిన ప్రశ్న. 1893లో ఫ్రెంచి యుద్ధనౌకలు బ్యాంకాక్‌ను చేరిన తరువాత సయాం మెకాంగ్ తూర్పు తీరాన్ని వదులుకుంది. 1907లో బత్తంబాంగ్, సియమ్ రీప్ ప్రాంతాలను అప్పగించింది. అటువంటి రాజ్యం ఒక పటాన్ని ప్రశ్నించడానికి వెనుకాడటం ఆశ్చర్యకరం కాదు. అయితే ఈ వివరణ 1908కి వర్తించినంతగా 1947కు వర్తించదు. రెండవ ప్రపంచయుద్ధానంతరం సరిహద్దులను సమీక్షించిన సంధాన సంఘం ఎదుట కూడా థాయ్‌లాండ్ ఈ ఆలయ ప్రస్తావన తేలేదు.

తీర్పు ఆలయ స్వామ్యాన్ని తేల్చింది గాని పరిసరాల హద్దును వివరించలేదు. 2008లో ఆలయం ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన తరువాత ఘర్షణలు చెలరేగాయి. ఆలయం నెలకొన్న కొండకొన మొత్తం కంబోడియాదేనని 2013లో న్యాయస్థానం స్పష్టం చేసినా, మిగిలిన సరిహద్దు ప్రశ్న అలాగే ఉండిపోయింది. 2025 జూలైలో ఆ సరిహద్దు పొడవునా మళ్లీ పోరు రేగి, ఇరువైపుల పల్లె ప్రజలు ఇళ్లు విడిచి తరలిపోయారు. శతాబ్దం క్రితపు పటరచనను, దానిపై పాటించిన మౌనాన్ని కలిపి చదవనిదే నేటి ఈ ఘర్షణల మూలం బోధపడదు.