తెరపై వర్ణము, కాగితముపై వర్ణము : ముద్రణమున రంగుల నిర్ణయము - దాని చరిత్ర

మన పాఠశాలల వాచకములును, గోడపటములును, సంఘముల సంచికలును నేడు కంప్యూటరుపై పుటలుగా కూర్పబడి అచ్చునకు పోవుచున్నవి. తెరపై కనులపండువుగా నున్న పుట కాగితముపైకి వచ్చునప్పటికి ఎరుపు మసకబారుటయు, నల్లని యక్షరముల యంచులు చెదరుటయు పలువురకు అనుభవమే. అందులకు యంత్రమునో, ముద్రాపకునో నిందించుట పరిపాటి. కాని దీని మూలము మూడువందల యేండ్ల చరిత్రలో నున్నది.

ఫ్రాంక్‌ఫర్టున 1667లో జన్మించిన యాకబ్ క్రిస్టాఫ్ లెబ్లాన్ అను చిత్రకారుడు నీలము, పసుపు, ఎరుపు అను మూడు ఫలకములను ఒకదానిపై నొకటి యచ్చొత్తి సకలవర్ణ చిత్రములను సాధించెను. ఇంగ్లండులో 1719లో ఆయనకు ఈ పద్ధతిపై రాజహక్కు లభించెను. కాంతివర్ణము లన్నియు కలిసిన తెలుపగుననియు, చిత్రకారుని రంగులన్నియు కలిసిన నలుపగుననియు ఆయన స్పష్టముగా విభజించి చెప్పెను. తరువాత 1861లో మాక్స్‌వెల్ లండనున ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు కాంతులను కలిపి వర్ణఛాయాచిత్రమును ప్రదర్శించెను. నేటి కంప్యూటరు తెర మాక్స్‌వెల్ మార్గమునను, ముద్రణయంత్రము లెబ్లాన్ మార్గమునను నడచుచున్నవి. మొదటిది కాంతిని కూర్చును. రెండవది కాగితముపై పడిన కాంతిని హరించును. కావున తెరపై వెలుగు కొన్ని వర్ణములు సిరాకు సాధ్యములే కావు.

ఈ రెండింటి నడుమ పొత్తు కుదుర్చు భారము పూర్వము పనివాని కంటిపై నుండెడిది. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో స్థాపించిన శిలాముద్రణాలయమున ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి సిద్ధము చేయవలసి యుండెను. ఏ రాతిపై ఏ భాగము నిలుపవలెనో, ఏ రంగుపై ఏ రంగు పడవలెనో నిశ్చయించినవాడు అభ్యాసముచే నారితేరిన శిల్పియే. మన ఇండ్ల గోడలపై తరతరములుగా నిలిచిన లక్ష్మీ సరస్వతుల పటముల వెనుక అట్టి పేరెరుగని కనులు కలవు. కలకత్తాలో ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి హాఫ్‌టోను విధానమును శాస్త్రీయముగా పరిశోధించి విదేశ ముద్రణ పత్రికలలో వ్యాసములు ప్రకటించెను. అచ్చటినుండి కంటి యంచనాకు కొలత తోడైనది.

1931లో అంతర్జాతీయ ప్రకాశ సంఘము మానవనేత్రము గ్రహించు వర్ణములను సంఖ్యలలో నిరూపించెను. ఏ యంత్రమునకును చెందని వర్ణభాష అట్లు పుట్టినది. ఆ భాషతో సామాన్యులకు పనిపడుటకు మరి యర్ధశతాబ్దము పట్టెను. 1985లో పేజీమేకరు వెలువడిన నాడు దానికి తోడైన మాకింటోషు తెరయు, లేజరు ముద్రణయంత్రమును నలుపు తెలుపుల నొక్కటే యెరుగును గనుక వివాదమే లేదు. 1987లో మాకింటోషునకు వర్ణపు తెర యమరినది. ఉపాధ్యాయుడును, గుమాస్తాయును రంగుల పుటలు కూర్పజాలిరి. కాని శిల్పి కన్ను మాత్రము వారి చెంత లేదు. ఆ లోపము తీర్చుటకే 1993లో ఎనిమిది సంస్థలు కూడి అంతర్జాతీయ వర్ణ కూటమిని నెలకొల్పినవి. ఒక్కొక్క యంత్రము ఏ సంఖ్యకు ఏ వర్ణము నిచ్చునో తెలుపు లక్షణపత్రమునకు అది ప్రమాణ మేర్పరచినది. అదియే నేడు ప్రొఫైలు అని వ్యవహరింపబడుచున్నది.

పరభాషా ప్రాంతమున స్థిరపడిన మనకు దుభాషి సంగతి చెప్పనక్కరలేదు. ప్రొఫైలు అట్టి దుభాషియే. 1999లో వెలువడిన ఇన్‌డిజైను వంటి సాధనములో ముద్రణాజ్ఞ యిచ్చునపుడు వర్ణములను సాధనమే నిర్ణయించునా, ముద్రణయంత్రము నిర్ణయించునా అను ప్రశ్న కానవచ్చును. సాధనమున కప్పగించినచో, వాడు కాగితమునకు తగిన ప్రొఫైలు నెన్నుకొని, యంత్రపు స్వంత వర్ణసవరణను తప్పక ఆపవలెను. లేనిచో అనువదించిన వాక్యమునే మూలమని భ్రమించి రెండవ దుభాషి మరల ననువదించును. ఎరుపు చెడుట కిది యొక ముఖ్యకారణము. ఆఫ్‌సెట్ ముద్రణమునకు పంపు పుటలకైతే ఏ ప్రొఫైలు కావలయునో ముద్రాపకునే ముందుగా నడుగుట మేలు.

అన్నిటికంటె మనకు ముఖ్యమైనది నలుపు. ఇతర సాధనములలో టైపు చేసి తెచ్చిన యక్షరముల నలుపు తరచు తెర నలుపుగా నుండును. అమెరికా వెబ్ ముద్రణ ప్రమాణపు ప్రొఫైలు ననుసరించి దానిని మార్చినచో సయాను 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90 పాళ్లగును, మొత్తము 300. ఒక్క సిరాతో పోవలసిన యక్షరము నాలుగు ప్లేట్లపై కెక్కును. ప్లేట్లలో నొకటి వెండ్రుకవాసి జరిగినను అంచులకు రంగుల నీడలు పట్టును. దీనినే పనివారు రిజిస్టరు తప్పుట యందురు. పెద్ద శీర్షికలలో ఇది తెలియకపోవచ్చును. కాని ద-ధ, ప-ఫ, డ-ఢ అను జంటలలో భేదమంతయు అడుగున నుండు చిన్నగీటులోనే కలదు. ఇంట తెలుగు మాటలాడుచు, వీధిలో వేరొక లిపిని చూచుచు పెరుగు బాలునకు ఈ గీటే ఆధారము. అది మసకబారినచో వాడు చదువలేడు. లోపము వానిదని మన మనుకొందుము. కావున వాచకము నచ్చునకు పంపుటకు ముందు అక్షరము లన్నియు నూరుపాళ్ల నలుపు సిరాపై మాత్రమే యున్నవో లేవో వర్ణవిభజనలను చూపు తెరలో పరీక్షింపవలెను.

రవివర్మ కాలపు శిల్పి తన యెరుకను తనతోనే కొనిపోయెను. మన నిర్ణయములను మనము వ్రాసి యుంచవచ్చును. ప్రతి సంఘమును తన సంచికతోపాటు వాడిన కాగితము, ప్రొఫైలు, ముద్రణాలయపు సూచనలు ఒక పుటలో వ్రాసి భద్రపరచినచో, మరుసటి సంచికకు పూనుకొను యువకులు మొదటినుండి తడవుకొన నక్కరలేదు.