మంచినీటిలో సూక్ష్మ ప్లాస్టిక్: పంచ మహాసరస్సులు నేర్పిన పాఠం

ఉపోద్ఘాతం

చరిత్రకు ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, దస్తావేజులు గుర్తుకు వస్తాయి. సమకాలీన పర్యావరణ చరిత్రకు వలలో చిక్కిన రేణువు, సరస్సు అడుగున పేరుకొన్న బురద కూడా ఆధారాలే. 5 మిల్లీమీటర్ల కంటే చిన్నవైన ప్లాస్టిక్ ముక్కలను సూక్ష్మ ప్లాస్టిక్ అంటారు. మంచినీటిలో వీటి ఉనికి ఎలా వెలుగులోకి వచ్చింది, ప్రభుత్వం ఏ చర్య తీసుకొంది, ఆ చర్య ఎంతవరకు ఫలించింది అనే ప్రశ్నలను ఈ భాగంలో పరిశీలిద్దాం.

సముద్రం నుంచి సరస్సుకు

మొదట్లో పరిశోధకుల దృష్టి ఎక్కువగా సముద్రం మీదే ఉండేది. సర్గాసో సముద్ర ఉపరితలంపై ప్లాస్టిక్ రేణువులు తేలుతున్నాయని 1972లో కార్పెంటర్, స్మిత్ అనే శాస్త్రవేత్తలు ప్రకటించారు. 2004లో బ్రిటన్‌కు చెందిన రిచర్డ్ థాంప్సన్ బృందం వెలువరించిన పరిశోధనతో ‘మైక్రోప్లాస్టిక్’ అనే మాట ప్రచారంలోకి వచ్చింది. నదిని మాత్రం చెత్తను సముద్రానికి చేరవేసే దారిగానే ఎక్కువగా చూశారు.

2012 వేసవిలో ఉత్తర అమెరికాలోని సుపీరియర్, హ్యూరన్, ఈరీ సరస్సులలో 21 చోట్ల సన్నని వలలతో నమూనాలు సేకరించారు. 2013లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం చదరపు కిలోమీటరుకు సగటున సుమారు 43,000 రేణువులు ఉన్నాయి. రెండు పెద్ద నగరాలకు దిగువన ఒకచోట ఆ సంఖ్య 4,66,000 దాటింది. వాటిలో రంగురంగుల గుండ్రని పూసలు ఎన్నో ఉన్నాయి. అవి ఫేస్‌వాష్ వంటి వస్తువులలో కలిపే మైక్రోబీడ్స్‌ను పోలి ఉన్నాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. 1 మిల్లీమీటరు కంటే చిన్న రేణువులలో, చూపుకు ప్లాస్టిక్ అనిపించినవాటిలో 20 శాతం నిజానికి బొగ్గు బూడిద అని పరీక్షలో తేలింది. పరిశోధకులు ఆ సంగతిని కూడా ప్రకటించారు. ఆధారాన్ని పరీక్షించకుండా నమ్మరాదన్న చరిత్రకారుని నియమం ప్రయోగశాలకూ వర్తిస్తుంది.

చట్టం, దాని పరిమితి

2014లో ఇల్లినాయ్ రాష్ట్రం మైక్రోబీడ్స్‌ను నిషేధిస్తూ చట్టం చేసింది. 2015 డిసెంబరు 28న అధ్యక్షుడు ఒబామా దేశవ్యాప్త చట్టంపై సంతకం చేశారు. వాడి కడిగేసే సౌందర్య సాధనాలలో, టూత్‌పేస్టులో వీటిని కలిపి తయారు చేయడం 2017 జులై 1 నుంచి నిషిద్ధమైంది.

“చట్టం వచ్చింది కనుక సమస్య తీరినట్లే కదా?” అని విద్యార్థులు నన్ను తరచుగా అడిగేవారు. తీరలేదు. మైక్రోబీడ్స్ కావాలని కలిపిన పదార్థం. వాటికి ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. అనేక కంపెనీలు అప్పటికే వాటిని మానేస్తామని ప్రకటించాయి. కాబట్టి నిషేధం సులువైంది. బట్టలు ఉతికినప్పుడు ఊడివచ్చే సింథటిక్ పోగులు, అరిగిన టైర్ల పొడి, చివికిన సంచుల ముక్కలు ఆ చట్టం పరిధిలోకి రావు.

అడుగున మిగిలినది

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ పరిసర నదులలో 2015-16 శీతాకాలపు వరదలకు ముందు, తరువాత అడుగు మట్టిని పరీక్షించారు. సుమారు 70 శాతం సూక్ష్మ ప్లాస్టిక్‌ను వరద కొట్టుకుపోయినట్లు 2018లో వెల్లడైంది. అంటే నది కేవలం దారి కాదు, వరద వచ్చేదాకా ప్లాస్టిక్‌ను దాచుకొనే గిడ్డంగి కూడా. వరద దాన్ని దిగువకు తరలిస్తుందే గాని నశింపజేయదు.

మన దేశంలో కేరళలోని వేంబనాడ్ సరస్సు అడుగు మట్టి నమూనాలన్నింటిలోనూ సూక్ష్మ ప్లాస్టిక్ ఉన్నట్లు 2017లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. ఆ సరస్సు చేపలను, ఆల్చిప్పలను స్థానికులు తింటారు. సమస్య పళ్లెం దాకా వచ్చే దారి ఇది.

సారాంశం

చట్టం రేపటి ప్రవాహాన్ని తగ్గించగలదు. నిన్నటి నిల్వను తొలగించలేదు. నిషేధం వచ్చిన తేదీతో కాలుష్య చరిత్ర ముగిసిందని రాయకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మైక్రోబీడ్స్ నిషేధం సులభం కావడానికి కారణాలు ఏవి? సింథటిక్ పోగుల విషయంలో ఆ కారణాలు ఎంతవరకు వర్తిస్తాయి?