దీపాల లెక్క, మీటరు లెక్క

నెల మొదట్లో మీటరు చూచే ఉద్యోగి వచ్చి, చేతిలోని చిన్న యంత్రమునుండి బిల్లు చించి ఇచ్చి వెళ్ళిపోతాడు. ఉన్నది రెండు గదుల చిన్న ఫ్లాటు. వాడేది నాలుగు దీపములు, రెండు ఫ్యాన్లు. బిల్లు మాత్రము పోయిన నెలకు రెండింతలు! ఇంటివారు ముందు బిల్లును అటూ ఇటూ తిప్పి చూస్తారు. తరువాత మీటరు వంక అనుమానముగా చూస్తారు. "మీటరు పరుగెత్తుతున్నది" అనే మాట ఎక్కడ చూచినా వినబడేదే.

ఈ తగవు నేటిది కాదు. విద్యుద్దీపమునకు ఎంత వయస్సు ఉన్నదో ఈ తగవుకూ దాదాపు అంత వయస్సు ఉన్నది. బియ్యమైతే తూచి ఇస్తారు, పాలైతే కొలిచి పోస్తారు. కొన్నవాడు కన్నులారా చూస్తాడు. విద్యుచ్ఛక్తి కంటికి కనబడదు, చేతికి చిక్కదు. ఎంత వాడినామో చెప్పే సాక్షి మీటరు ఒక్కటే. ఆ సాక్షి మాట నమ్మవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలోనే మీటరు చరిత్ర అంతా ఇమిడి ఉన్నది.

రేకులు తూచిన రోజులు

తొలి రోజులలో కొలిచినది శక్తిని కాదు, కాలమును. 1872లో అమెరికాలో శామ్యూల్ గార్డినర్ అనునతడు ఒక మీటరుకు పేటెంటు పొందినాడు. దీపము ఎన్ని గంటలు వెలిగినదో మాత్రమే అది చెప్పగలిగేది. వెలిగే దీపములు ఎన్నో, ఎంతటివో ముందే తెలిసినచోట అది చాలును. ఇంటివారు తమ ఇష్టము వచ్చినప్పుడు ఒకటి వెలిగించి, రెండు ఆర్పుకొనేచోట అది పనికిరాదు.

1882 సెప్టెంబరు 4వ తేదీన థామస్ ఆల్వా ఎడిసన్ న్యూయార్కు నగరములోని పెర్ల్ వీధిలో విద్యుత్కేంద్రమును ప్రారంభించినాడు. చుట్టుపట్ల కార్యాలయములకు అక్కడినుండి విద్యుత్తు అందినది. వాడకమును కొలుచుటకు అతడు రసాయన శాస్త్రమును ఆశ్రయించినాడు. అంతకు అర్ధ శతాబ్దము ముందే మైకేల్ ఫారడే ఒక నియమమును కనుగొని ఉన్నాడు: ద్రావణము గుండా ఎంత విద్యుత్తు ప్రవహించునో, ఆ నిష్పత్తిలోనే లోహము ఒక రేకునుండి కరిగి మరియొక రేకుపై చేరును.

ఎడిసన్ ఒక గాజు పాత్రలో జింకు సల్ఫేటు ద్రావణము పోసి, అందులో రెండు జింకు రేకులు వ్రేలాడదీసినాడు. ఇంటికి వెళ్ళే ప్రవాహములో అతి స్వల్పమైన, నిర్ణీతమైన భాగమును మాత్రమే ఈ పాత్రగుండా పోనిచ్చినాడు. నెల గడచిన తరువాత కంపెనీ మనుషులు వచ్చి రేకులను తీసికొనిపోయి, కడిగి, ఆరబెట్టి, త్రాసులో తూచేవారు. బరువులో వచ్చిన మార్పును బట్టి బిల్లు తయారయ్యేది. చలికాలములో ద్రావణము గడ్డ కట్టకుండా మీటరు పెట్టెలోనే ఒక చిన్న దీపము ఏర్పాటు చేసినారు.

శాస్త్రరీత్యా ఇది సరియైన పద్ధతియే. లోపము మరియొకచోట ఉన్నది. డబ్బు చెల్లించువాడు చూచుటకు అందులో అంకె అంటూ లేదు. రేకును తూచునది కంపెనీ, లెక్క వేయునది కంపెనీ, బిల్లు పంపునదీ కంపెనీయే. ఇక నమ్మకము ఎట్లు కలుగును?

పాకీవాని దీపములు

అనుమానించినవారిలో సామాన్యుడు కాని ఒకడు ఉన్నాడు. అతడు ప్రఖ్యాత ధనికుడు జె. పి. మోర్గన్. ఎడిసన్ కంపెనీకి పెట్టుబడి సమకూర్చినవారిలో ఆయన ఒకడు. వాల్ వీధిలోని ఆయన కార్యాలయములో పెర్ల్ వీధి విద్యుత్తుతోనే దీపములు వెలిగేవి. అయినా రేకులు తూచి బిల్లు వేయుట ఆయనకు నచ్చలేదు. పరీక్ష పెట్టినారు. ఆ వృత్తాంతమును తరువాతి కాలములో ఎడిసన్ స్వయముగా చెప్పినాడు.

ప్రతి దీపమువద్ద ఒక కార్డు వ్రేలాడదీసినారు. దీపము వెలిగించినవారు ఏ వేళ వెలిగించినదీ, ఏ వేళ ఆర్పినదీ దానిపై వ్రాయవలెను. నెల చివర కార్డుల లెక్కను, మీటరు లెక్కను ప్రక్కప్రక్కన పెట్టి చూచినారు. రెండును కలియలేదు. మీటరు ఎక్కువ చూపినది. మరల పరీక్షించినా అదే ఫలితము. మోర్గన్ అనుమానమే నిజమైనట్లు కనబడినది.

ఎడిసన్ మీటరును సమర్థించుటకు వాదమునకు దిగలేదు. కార్యాలయమునకు స్వయముగా వెళ్ళి తీగలను, దీపములను, కార్డులను వరుసగా పరిశీలించినాడు. గదులు ఎవరు శుభ్రము చేస్తారని అడిగినాడు. పనివాడు వచ్చి శుభ్రము చేస్తాడని చెప్పినారు. అతడు ఏ వెలుతురులో పని చేస్తాడు? ఈ దీపముల వెలుతురులోనే. ఆ గంటలు కార్డులలో ఎక్కలేదు! అతని వాడకమును కూడ లెక్కలో చేర్చగా, మీటరు లెక్క, కార్డుల లెక్క దాదాపు ఒకటే అయినవి.

ఈ చిన్న కథలో పెద్ద పాఠము ఉన్నది. మీటరు తప్పా, ఇంటివారు తప్పా అని వాదించుటవలన తేలునది లేదు. మీటరుతో సంబంధము లేని మరియొక లెక్క కావలెను. రెండు లెక్కలకు తేడా వచ్చినచోట, ఆ తేడా ఎక్కడ పుట్టినదో వెదకవలెను. చాలసార్లు అది ఇంటివారు గమనింపని దీపమువద్దనే దొరకును.

తిరిగే పళ్ళెము

రసాయన మీటరు ఏకముఖ ప్రవాహమునకు మాత్రమే పనికివచ్చును. దిక్కు మార్చుకొంటూ పోయే ఏకాంతర ప్రవాహము దూరప్రాంతములకు సులభముగా చేరగలదు గనుక, అది వేగముగా వ్యాపించసాగినది. దానిని కొలుచుటకు తగిన సాధనము లేక, దీపము ఒక్కింటికి నెలకు ఇంత అని వసూలు చేసేవారు. పగలు రాత్రి వెలిగించినా ఒకటే రుసుము అయినప్పుడు, దీపము ఆర్పుటకు ఎవరు శ్రమపడుదురు?

1888లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఇంజనీరు ఆలివర్ షాలెన్‌బర్గర్ ఒక ఆర్కు దీపమును పరీక్షిస్తుండగా, అందులోని చిన్న స్ప్రింగు ఊడి పడి మెల్లగా తిరగసాగినది. మరియొకడైతే దానిని తీసి తిరిగి తగిలించి ఊరకుండేవాడు. షాలెన్‌బర్గర్ మాత్రము దానిని త్రిప్పుతున్నది తీగచుట్టలలోని తిరుగుడు అయస్కాంత క్షేత్రమని గ్రహించి, కొద్ది రోజులలోనే ఏకాంతర ప్రవాహమును కొలిచే మీటరును తయారు చేసినాడు. 1889లో బుడాపెస్టులోని గాంజ్ కర్మాగార ఇంజనీరు ఒట్టో బ్లాతి ఇంకొక అడుగు ముందుకు వేసి, ప్రవాహమును మాత్రమే గాక అసలు శక్తినే కొలిచే మీటరుకు పేటెంటు పొందినాడు. తొలి గాంజ్ మీటరు బరువు 23 కిలోగ్రాములు!

మన ఇండ్లలో చాలకాలము గోడపై తిరిగిన అల్యూమినియము పళ్ళెము ఆ వంశమునకు చెందినదే. అందులో రెండు తీగచుట్టలు ఉండును. ఒకటి వోల్టేజికి, మరియొకటి ప్రవాహమునకు స్పందించును. రెండును కలిసి పళ్ళెములో సుడి ప్రవాహములను పుట్టించి త్రిప్పును. ఒక శాశ్వత అయస్కాంతము దానిని వెనుకకు పట్టి ఉంచును. అందుచేత పళ్ళెపు వేగము వాడే శక్తికి సరిగా అనులోమముగా ఉండును. దానికి తగిలించిన పళ్ళ చక్రములు అంకెలను జరుపును. ఎడిసన్ మీటరులో లేనిది ఇందులో వచ్చినది: డబ్బు చెల్లించువాడు తానే చదువుకొనగల అంకె.

భారతదేశములో 2006లో వచ్చిన కేంద్ర నిబంధనలు తిరిగే భాగములు లేని ఎలక్ట్రానిక్ మీటర్లను విధించినవి. పళ్ళెమునకు బదులు ఒక చిన్న ఎర్రదీపము మినుకు మినుకుమనును. వేషము మారినదే కాని సూత్రము మారలేదు. ఇన్ని మినుకులు అయితే ఒక యూనిట్టు, అనగా 1000 వాట్ల సాధనము ఒక గంట వాడిన శక్తి.

చిన్న ఫ్లాటులో పెద్ద బిల్లు

ఇప్పుడు రెండు గదుల ఇంటివారు మోర్గన్ కార్డులను తమ ఇంట వ్రేలాడదీసికొనవచ్చును. 9 వాట్ల దీపములు ఆరు, రోజుకు 5 గంటలు వెలిగినచో నెలకు 8.1 యూనిట్లు. 75 వాట్ల ఫ్యాను రోజుకు 10 గంటలు తిరిగినచో 22.5 యూనిట్లు. 2000 వాట్ల గీజరు రోజుకు ఒక్క గంట పని చేసినచో 60 యూనిట్లు! కంటికి కనబడే దీపమును అందరు లెక్కింతురు. స్నానాల గదిలో మౌనముగా కాగే నీటిని ఎవరు లెక్కింతురు? చలికాలపు బిల్లులోని రహస్యము తరచుగా ఇదియే.

ఇంకొక పరీక్ష ఉన్నది. ఇంటిలోని స్విచ్చులన్నీ ఆపి, మెయిను స్విచ్చును మాత్రము ఉంచి, మీటరును చూడవలెను. మీటరుపై యూనిట్టుకు 3200 మినుకులు అని వ్రాసి ఉన్నదనుకొందము. అప్పుడు ఒక మినుకు 0.3125 వాట్ గంటలు. 75 సెకండ్లకు ఒకసారి మినుకుతున్నచో ఎక్కడో 15 వాట్లు ఖర్చవుతున్నవన్నమాట. టెలివిజను పెట్టెవంటివి ఆపినట్లు కనబడుతూనే కొంత శక్తి త్రాగుతుండవచ్చును. ఆ 15 వాట్లు నెలకు 10.8 యూనిట్లు అగును. ప్లగ్గులన్నీ తీసివేసినా మినుకు ఆగనిచో తీగలలో లీకేజి ఉండవచ్చును; లేదా మెట్లమీది దీపమో, నీటి మోటారో ఈ మీటరుకే తగిలించి ఉండవచ్చును. మోర్గన్ కార్యాలయములో పనివాని దీపముల కథ మరల ఇక్కడ జరుగుచున్నదన్నమాట. అనుమతి పొందిన ఎలక్ట్రీషియనును పిలిచి చూపించవలెను. మీటరు సీలును ఎవరును ముట్టరాదు.

మీటరు సరిగా ఉండి, వాడకము పెరుగకున్నా బిల్లు పెరుగుటకు మరియొక దారి ఉన్నది. యూనిట్లు పెరిగినకొలది ధర పెరిగే శ్లాబు పద్ధతిలో, కొలిచిన రోజులు ముఖ్యము. ఉదాహరణకు మొదటి 100 యూనిట్లకు 3 రూపాయలు, ఆపైన 5 రూపాయలు అనుకొందము. రోజుకు 3 యూనిట్లు వాడే ఇంట 30 రోజులకు 90 యూనిట్లు, బిల్లు 270 రూపాయలు. అదే 40 రోజులకు కొలిచి, శ్లాబును ఆ మేరకు పెంచకపోయినచో 120 యూనిట్లు, 400 రూపాయలు. రోజులను బట్టి రావలసినది 360 రూపాయలే. అందుచేత బిల్లులో చివరి అంకెకంటె ముందుగా రెండు రీడింగులను, వాటి తేదీలను చూడవలెను.

ఇల్లు తాళము వేసి ఉన్నా కొంత చెల్లించవలసి వచ్చుట కూడ చాలమందికి ఆశ్చర్యము కలిగించును. 1892లోనే జాన్ హాప్కిన్సన్ అను ఆంగ్ల ఇంజనీరు దీనికి కారణము వివరించినాడు. విద్యుత్తు వాడినా వాడకున్నా, అడిగిన క్షణమున ఇచ్చుటకు యంత్రములు, తీగలు సిద్ధముగా ఉంచవలెను. ఆ సిద్ధపాటు ఖర్చే స్థిర రుసుము.

చట్టము ఇచ్చిన మూడవ మనిషి

ఎడిసన్ కాలములో లోపించినది ఒకటి ఉన్నది: ఇరుపక్షములకు చెందని మూడవ మనిషి. భారతదేశములో 1910 నాటి విద్యుత్ చట్టము మీటరు వివాదమును తీర్చే అధికారమును విద్యుత్ ఇన్‌స్పెక్టరుకు అప్పగించినది. మీటరు తప్పని తేలితే, ఆరు నెలలకు మించని కాలమునకు సరియైన వాడకమును అంచనా వేయుట ఆయన బాధ్యత. ఆ చట్టము స్థానములో వచ్చిన 2003 నాటి చట్టము, సరియైన మీటరు ద్వారానే విద్యుత్తు సరఫరా చేయవలెనని శాసించినది. వినియోగదారుల ఫిర్యాదులకు ఒక వేదికను, దానిపైన అంబుడ్స్‌మన్‌ను ఏర్పాటు చేసినది.

ఆ వేదిక ముందుకు వెళ్ళేవాని చేతిలో "బిల్లు చాల ఎక్కువ" అనే మాట ఒక్కటే ఉన్నచో ప్రయోజనము తక్కువ. వారము రోజులు ఒకే వేళకు వ్రాసికొన్న రీడింగులు, సాధనముల వాట్లు, వాడిన గంటలు ఉన్నచో అది సాక్ష్యమగును. ఎనిమిదవ తరగతి విద్యార్థికి వచ్చే గుణకారము దీనికి చాలును. ఉపాధ్యాయులు తరగతిలో ఈ లెక్కను ఇంటిపనిగా ఇచ్చినచో, విద్యార్థులకు వాట్ గంట అంటే ఏమిటో పుస్తకములోకంటె బాగుగా బోధపడును.

మీటరును గ్రుడ్డిగా నమ్మవలసిన పని లేదు, ఊరక నిందింపవలసిన పనియు లేదు. దాని ప్రక్కన మరియొక లెక్క వ్రాసి పెట్టుకొన్నచో చాలును. మోర్గన్ కార్యాలయములో తగవును తీర్చినది ఆ కార్డులే.