ఒక పేరు కోసం 74 ఏళ్లు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో నల్లజాతి కుర్రాళ్లు కాలేజీ జట్లలోకి తొందరగానే వచ్చారు. 1892లోనే విలియం హెన్రీ లూయిస్ హార్వర్డ్ తరఫున ఆడి దేశంలోని మేటి ఆటగాళ్ల జాబితాకెక్కాడు. అయినా వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. జట్టులో నల్లవాడుంటే దక్షిణాది కాలేజీలు ఆడటానికే ఒప్పుకునేవి కావు.

ఆ రోజుల్లో ఒహాయో నుంచి అయోవా స్టేట్‌కు వచ్చాడు జాక్ ట్రైస్. ఆ కాలేజీ తొలి నల్లజాతి క్రీడాకారుడు అతనే. 1923 అక్టోబర్ 5 రాత్రి, మినియాపొలిస్ హోటల్ గదిలో తనకోసం ఒక ఉత్తరం రాసుకున్నాడు. తన జాతి పరువు, ఇంటి పరువు, తన పరువు రేపటి ఆటలోనే తేలతాయనీ, ఒళ్లు దాచుకోకుండా ఆడాలనీ దాని సారం. 21 ఏళ్లవాడు అంత బరువు నెత్తికెత్తుకోవాల్సి రావడమే నన్ను ఎక్కువ బాధించే సంగతి.

మర్నాడు మిన్నెసోటాతో ఆట మొదలవుతూనే కాలర్ బోన్ విరిగింది. అతను మైదానం వదల్లేదు. మూడో క్వార్టర్‌లో కిందపడితే ప్రత్యర్థులు తొక్కుకుంటూ పోయారు. కావాలనే తొక్కారా అన్న వాదన నేటికీ తెగలేదు. అక్టోబర్ 8న ప్రాణం పోయింది. అంత్యక్రియలకు దాదాపు 4,000 మంది వచ్చారు. కోటు జేబులో ఆ ఉత్తరం దొరికింది.

తర్వాత చాలాకాలం అతని గుర్తుగా మిగిలింది జిమ్‌లోని ఒక ఫలకమే. 1957లో ఒక విద్యార్థి దాన్ని చూసి వ్యాసం రాశాడు. 1970లలో కొత్త స్టేడియం కడుతుంటే దానికి ట్రైస్ పేరే పెట్టాలని విద్యార్థులు పట్టుబట్టారు. అధికారులు నాన్చారు. 1984లో మైదానానికి ట్రైస్ పేరిచ్చి, స్టేడియానికి మాత్రం ‘సైక్లోన్’ అని పెట్టారు. పేరును అలా సగానికి కోసి ఇవ్వడం గౌరవం అనిపించుకోదు. విద్యార్థులు ఊరుకోలేదు, చందాలు పోగుచేసి 1988లో విగ్రహం నిలబెట్టారు. ఒక బ్యాచ్ చదువు ముగించి వెళ్లిపోతే, తర్వాతి బ్యాచ్ ఆ పని అందుకుంది. చివరికి 1997లో అది జాక్ ట్రైస్ స్టేడియం అయింది.

ట్రైస్ చదివింది పశుపోషణ. చదువయ్యాక దక్షిణాదికి వెళ్లి నల్లజాతి రైతులకు సాయపడాలనుకున్నాడు. ఆ పట్టాను విశ్వవిద్యాలయం 2023లో, అతను పోయిన నూరేళ్లకు, అతని పేరిట ఇచ్చింది.